పవర్ స్ప్రేయర్‌కు కొత్త కనెక్టింగ్ రాడ్ వేయిస్తున్నారా? పొడవు సరిచూసుకోండి

పత్తి, మిరప, కంది సాగు చేసే చాలామంది రైతుల దగ్గర తైవాన్ స్ప్రేయర్లు, పెట్రోలుతో నడిచే గడ్డికోత యంత్రాలు ఉన్నాయి. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే యంత్రమైతే అందులో ఉన్నది టూ స్ట్రోక్ ఇంజను. రాడ్, పిస్టన్ మార్పించాక ఇంజను స్టార్టవుతున్నా లాగడం లేదని, పెట్రోలు ఎక్కువ తాగుతోందని కొందరు రైతులు చెబుతుంటారు. అలాంటప్పుడు కార్బురేటరు, ప్లగ్గు మార్చే ముందు కొత్త రాడ్ పొడవు చూడాలి. ఒక్క మిల్లీమీటరు తేడా చాలు, ఇంజను పనితీరు మారిపోతుంది.

పిస్టనే తలుపు

ఈ ఇంజనులో వాల్వులు ఉండవు. బోరు గోడకు ఉన్న రంధ్రాలనే పోర్టులు అంటారు. పొగ బయటికి పోయే పోర్టు కాస్త పైన, కొత్త పెట్రోలు మిశ్రమం వచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టులు దానికి కొంచెం కింద ఉంటాయి. పిస్టన్ కిందికి దిగుతూ వీటిని తెరుస్తుంది, పైకి వెళుతూ మూస్తుంది. ఏ పోర్టు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి అన్నది పిస్టన్ ఎత్తును బట్టే ఉంటుంది. ఆ ఎత్తును నిలబెట్టేది కనెక్టింగ్ రాడ్.

పొడవు మారితే ఏం జరుగుతుంది?

ఉదాహరణకు స్ట్రోకు 28 మి.మీ., రాడ్ 50 మి.మీ. ఉన్న చిన్న ఇంజను తీసుకుందాం. పిస్టన్ పై చివర నుంచి 18 మి.మీ. దిగాక పొగ పోర్టు తెరుచుకుంటుంది అనుకుంటే, క్రాంకు ఒక పూర్తి చుట్టులో (360 డిగ్రీలు) ఆ పోర్టు దాదాపు 163 డిగ్రీల పాటు తెరిచి ఉంటుంది.

• రాడ్ 5 మి.మీ. పెంచి, బోరును కూడా అంతే ఎత్తు లేపితే పోర్టు తెరిచి ఉండే సమయం 1 నుంచి 2 డిగ్రీలు మాత్రమే తగ్గుతుంది. పొలం పనిలో ఈ తేడా తెలియదు.
• బోరు ఎత్తు మార్చకుండా రాడ్ 1 మి.మీ. పొడవైతే పోర్టు ఆలస్యంగా తెరుచుకుని, ముందే మూసుకుంటుంది. దాదాపు 9 డిగ్రీలు తగ్గుతుంది. పొగ పూర్తిగా పోదు, ఇంజను వేగం అందుకోదు, వేడెక్కుతుంది. పిస్టన్ పైన తగిలి పాడయ్యే ప్రమాదమూ ఉంది.
• రాడ్ 1 మి.మీ. పొట్టిదైతే పోర్టు దాదాపు 9 డిగ్రీలు ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. కంప్రెషన్ తగ్గుతుంది, స్టార్టు చేయడం కష్టమవుతుంది, కాలని పెట్రోలు కొంత పొగతో బయటికి పోతుంది.

అంటే రాడ్ పొడవు ఒక్కటే కాదు, అది బోరు ఎత్తుకు సరిపోవడం ముఖ్యం. పిస్టన్‌కూ ఇదే వర్తిస్తుంది. పిన్ను రంధ్రం నుంచి పిస్టన్ పైభాగం దాకా ఉన్న ఎత్తు పాతదానికి సమానంగా ఉండాలి. బోరు కింద ప్యాకింగ్ రెండు వేస్తే రాడ్ పొట్టిదైనట్లు, ఉన్నది తీసేస్తే పొడవైనట్లు పనిచేస్తుంది.

ఇంజను వేగం తగ్గితే పంపు ఒత్తిడి లేదా ఫ్యాను గాలి తగ్గుతుంది. మందు సన్నగా పడదు, ఆకు అడుగున చేరదు. మందు ఖర్చు పెట్టినా పురుగు మిగిలిపోతుంది.

కొనేటప్పుడు

1. పాత రాడ్, పిస్టన్ పారేయకుండా దుకాణానికి తీసుకెళ్లండి. మోడల్ పేరు ఒక్కటే చెప్పి కొనవద్దు.
2. ఈ ఇంజన్లలో చాలావాటికి రాడ్, క్రాంకు కలిపే వస్తాయి. పాతది, కొత్తది ఒకే ఎత్తున పక్కపక్కన పెట్టి, రెండు రాడ్లనూ నిలువుగా పైకి తిప్పండి. ఒకే పిన్ను రెండు రంధ్రాల్లోకి వంకర లేకుండా దూరాలి.
3. ప్యాకింగ్ పాతదాని మందమే ఉండాలి.

బిగించిన తర్వాత

ప్లగ్గు వైరు తీసేసి, సైలెన్సరు విప్పండి. తాడును మెల్లగా లాగుతూ పిస్టన్‌ను పూర్తిగా కిందికి తెచ్చి, పొగ పోర్టులోకి చూడండి. చాలా ఇంజన్లలో పిస్టన్ పైభాగం పోర్టు కింది అంచుకు దాదాపు సమానంగా ఉంటుంది. ఇంజను విప్పకముందే ఒకసారి ఇలా చూసి, సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకుంటే తర్వాత పోల్చుకోవచ్చు. పిస్టన్ మునుపటికన్నా పైన ఆగితే రాడ్ లేదా పిస్టన్ ఎత్తు ఎక్కువైనట్టు, కిందికి దిగిపోతే తక్కువైనట్టు. తాడు లాగినప్పుడు లోపల ఏదైనా తగిలినట్లు అనిపిస్తే ఇంజను స్టార్టు చేయవద్దు.

ముందుగా ఇవి చూడండి

లాగుడు తగ్గిన ప్రతి ఇంజనుకూ రాడ్ మార్చనక్కర్లేదు. పొగ పోర్టులో, సైలెన్సరులో పేరుకున్న మసి కూడా ఇదే లక్షణం చూపిస్తుంది. పిస్టన్‌ను పోర్టు మూసే చోట ఉంచి, చెక్కపుల్లతో మసి తీయించండి. గాలి ఫిల్టరు శుభ్రం చేయండి. ఆయిల్ తగ్గితే రాడ్ బేరింగు త్వరగా అరుగుతుంది. యంత్రం మీద 25:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 40 మి.లీ. టూటీ ఆయిల్ కొలిచి కలపాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా రాడ్ పైకి, కిందికి ఊగుతుంటే అప్పుడు మార్పించండి. పిచికారీ మొదలయ్యే ముందే ఈ పని చేయించుకుంటే పురుగు ఉధృతంగా ఉన్న రోజుల్లో యంత్రం ఆగిపోయే ఇబ్బంది ఉండదు.