గాయపడిన మనసుకూ వైద్యం కావాలి

ఆదివారం ఆరాధనలో ప్రార్థనాంశాలు చెప్పమనగానే చేతులు లేస్తాయి. ఒకరికి షుగర్ పెరిగింది, ఒకరికి మోకాలి ఆపరేషన్ ఉంది, మరొకరి తండ్రికి గుండెలో స్టెంట్ వేయాలి. సంఘమంతా వారి కోసం ప్రార్థిస్తుంది. సాయంత్రం నలుగురు పళ్లు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లి పలకరిస్తారు. కానీ ‘మా అబ్బాయి మూడు నెలలుగా గది దాటి రావడం లేదు, చచ్చిపోతానంటున్నాడు’ అని లేచి చెప్పే తల్లి మాత్రం కనబడదు. అలాంటి తల్లి లేక కాదు, చెబితే ఏమంటారోనన్న భయం! దయ్యం పట్టిందంటారు, విశ్వాసం చాల్లేదంటారు, ఇంట్లో ఏదో పాపముందంటారు. శరీరానికొచ్చిన జబ్బుకు జాలి దొరుకుతుంది, మనసుకొచ్చిన జబ్బుకు నింద దొరుకుతుంది. ఈ తేడా మనం పెట్టిందే తప్ప దేవుడు పెట్టింది కాదు.

ఏలీయాను చూడండి. కర్మెలు పర్వతం మీద ఒంటరిగా నిలబడి వందలాది బయలు ప్రవక్తలను ఎదిరించిన ధీరుడతను. ఆ వెంటనే యెజెబెలు రాణి బెదిరింపు విని ప్రాణభయంతో పారిపోయాడు. వెంట ఉన్న ఒక్క దాసుణ్ణీ బెయేర్షెబాలో వదిలేసి, అరణ్యంలోకి వెళ్లి, బదరీ వృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు (1 రాజులు 19:3,4). అతని విశ్వాసం సన్నగిల్లిందని దేవుడు గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూతను పంపి నిప్పుల మీద కాలిన అప్పం, నీళ్లు ఇప్పించాడు. మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ లేపి తినిపించాడు. ప్రయాణం అతని శక్తికి మించినదని దూత చేత చెప్పించాడు. హోరేబులో అతని గోడును ఒకసారి కాదు, రెండుసార్లు విన్నాడు. ఆ తర్వాత ఎలీషాను తోడిచ్చాడు. నిద్ర, ఆహారం, గోడు వినే చెవి, తోడుగా ఒక మనిషి... కుంగిపోయిన ప్రవక్తకు దేవుడు చేసిన వైద్యం ఇది! కుంగిన మనిషి చేత మనమేమో ఉపవాసాలు చేయిస్తున్నాం. దేవుడు ఏలీయాకు కడుపు నిండా తినిపించాడు.

మానసిక రోగమంటే దయ్యమేనని తేల్చేసేవారు మత్తయి సువార్త 4:24 ఒకసారి శ్రద్ధగా చదవాలి. యేసు దగ్గరికి తెచ్చినవారిలో దయ్యం పట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాతం ఉన్నవారు వేర్వేరుగా కనిపిస్తారు. బాధలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదని సువార్తే నేర్పుతోంది. తిమోతి కడుపు జబ్బుకు పౌలు ప్రార్థనతో సరిపెట్టకుండా ఏం పుచ్చుకోవాలో కూడా చెప్పాడు (1 తిమోతి 5:23). వైద్యుడైన లూకాను తన వెంట ఉంచుకున్నాడు. కడుపుకు మందు మింగితే తగ్గని విశ్వాసం, మెదడుకు మందు మింగితే తగ్గిపోతుందా?

మన దేశంలో ప్రొటెస్టెంటు మిషనరీ ఉద్యమ చరిత్ర చెప్పేవారెవరైనా విలియం కేరీ పేరు తలవకుండా ఉండరు. ఆయన భార్య డొరొతీ పేరు ఎంతమందికి తెలుసు? 1793లో నెలల పసికందును, మరో ముగ్గురు కొడుకులను వెంటబెట్టుకుని, మొదట వద్దన్న ప్రయాణానికి చివరికి ఒప్పుకుని ఆమె బెంగాల్‌కొచ్చింది. పేదరికం, విరేచనాల జబ్బు, భాష తెలియని ఊళ్లు ఆమెను చుట్టుముట్టాయి. 1794లో ముద్నాబతిలో అయిదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ దెబ్బకు ఆమె మనసు చెదిరిపోయింది. భర్త తనను మోసగిస్తున్నాడన్న భ్రమ ఆమెను పట్టుకుంది. వీధుల్లో ఆయన వెంటపడి నిందించేది. ఒక గదిలో ఆమె కేకలు పెడుతుంటే పక్క గదిలో కేరీ బైబిలు అనువాదం చేసుకునేవాడు. ఆమెను పిచ్చాసుపత్రిలో వేయమని స్నేహితులు సలహా ఇచ్చారు. అక్కడ ఆమెను హింసిస్తారన్న భయంతో కేరీ ఒప్పుకోలేదు. ఆమెను ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నాడు. పన్నెండేళ్లకు పైగా బాధపడి 1807 డిసెంబరులో సెరాంపూర్‌లో ఆమె కన్నుమూసింది.

డొరొతీ విశ్వాసం లేక పిచ్చిదైందని ఎవరనగలరు? పరిచర్య కోసం సొంత ఊరును, తోబుట్టువులను, చివరికి బిడ్డను పోగొట్టుకున్న స్త్రీ ఆమె. ఆనాడు ఆమెకు ఇవ్వడానికి మందు లేదు. ఇలాంటి భ్రమలను అదుపు చేసే మొదటి మందు క్లోర్‌ప్రోమజైన్ వాడకంలోకి వచ్చింది 1952లో. కేరీకి లేని మందు ఈనాడు మనకుంది. కేరీకున్న ఓపికే మనకు కరువైంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, స్వస్థత దొరుకుతుందని తెచ్చిన మానసిక రోగులు 28 మంది మంటల్లో చనిపోయారు. గొలుసులతో కట్టి ఉంచడం వల్ల వారు పారిపోలేకపోయారు. ఏ మతం పేరుతోనైనా, ఏ ప్రార్థన పేరుతోనైనా రోగిని కట్టేయడం, కొట్టడం స్వస్థత కాదు, హింస.

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. శరీర రోగాలకిచ్చినట్టే మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలని చెప్పింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని నేరస్తుడిగా కాక తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడమంది. క్రైస్తవ సేవకు పేరుగాంచిన వేలూరు సీఎంసీ ఆసుపత్రి 1950ల నుంచే మానసిక రోగులకు వైద్యం చేస్తోంది. రోగితోపాటు ఇంటివారినీ ఉంచుకుని, ఎలా చూసుకోవాలో నేర్పే పద్ధతి అక్కడిది. చట్టం మారింది, వైద్యం మారింది. ఇక మారాల్సింది మన సంఘం.

మార్పుకు పెద్ద పథకాలేమీ అక్కర్లేదు. ప్రార్థన చేయించుకున్నాక మాత్రలు మానేయమని ఏ సేవకుడూ చెప్పకూడదు. వాటిని తగ్గించాలన్నా, ఆపాలన్నా చెప్పాల్సింది డాక్టరే. పెళ్లి సంబంధం చెడుతుందని కూతురి మందులు దాచిపెట్టే తల్లిదండ్రులకు ధైర్యం చెప్పాలి. చావు మాట ఎత్తినవారిని ఒంటరిగా వదలకూడదు, ‘ఊరికే అంటున్నాడులే’ అని కొట్టిపారేయకూడదు. టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరును చర్చి నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి. ఆత్మహత్య చేసుకున్న బిడ్డ సమాధి దగ్గర ఆ తల్లి వింటుండగా నరకం గురించి ప్రసంగించకండి. తీర్పు తీర్చేవాడు దేవుడు. ఏడ్చేవారితో ఏడవడం మాత్రమే ఆయన మనకప్పగించిన పని (రోమా 12:15).

గెత్సెమనేలో యేసుప్రభువే తన ప్రాణం మరణమంత దుఃఖంలో మునిగిందని శిష్యులతో దాచకుండా చెప్పాడు, తనతో మెలకువగా ఉండమని అడిగాడు (మత్తయి 26:38). వారు నిద్రపోయారు. ఈ రాత్రి మన సంఘంలో ఎవరో ఒకరు అదే మాట చెప్పాలని చూస్తున్నారు. వారికి ముందు కావలసింది మన ప్రసంగం కాదు, మన మెలకువ!