పత్తి చేలలో ప్లాస్టిక్ పొర: దానిని తొలగించు యంత్రములు

పంట ఇల్లు చేరిన పిమ్మట చేనిలో మిగులునది యేమి? పూర్వమైనచో పత్తికట్టె, ఎండుటాకు అని చెప్పి యూరకుండెడివారము. నేడు కొన్ని ప్రాంతములందు వాటికి మరియొకటి తోడైనది. అది నేలపై పరచిన ప్లాస్టిక్ పొర. పత్తికట్టెను ముక్కలు చేసి దున్నినచో కాలక్రమమున మట్టిలో కలిసి యెరువగును. ప్లాస్టిక్ పొర యెన్నడును ఎరువు కాదు. చినిగి ముక్కలై అచటనే యుండును. ఈ రెంటిని చేనినుండి వేరుచేసి తొలగించు యంత్రములను నిర్మించుటకు చైనా దేశపు ఇంజనీర్లు ఎంతోకాలముగా శ్రమించుచున్నారు. వారి అనుభవము మన గ్రామములకు కూడ ఉపకరించునని తలచి, ఆ విషయములను పంచాయతీ సభ్యులకు ఇచట వివరించుచున్నాము.

పొరను ఎందుకు పరచిరి?

చైనాకు వాయవ్య దిక్కున షింజియాంగ్ అను ప్రాంతము కలదు. ఆ దేశమున పండు పత్తిలో నూటికి 90 వంతుల వరకు నేడు అచటనే పండుచున్నది. అచట వర్షము మిక్కిలి తక్కువ. కొండలపై మంచు కరగి వచ్చు నీరే సేద్యమునకు ముఖ్యాధారము. విత్తనములు వేయు ఏప్రిల్ మాసమున నేల ఇంకను చల్లగా నుండును. మొలక ఆలస్యమైనచో, చలికాలము వచ్చులోగా కాయ పక్వమునకు రాదు.

1978-79 ప్రాంతమున పలుచని ప్లాస్టిక్ పొరను నేలపై పరచు పద్ధతి జపాను నుండి చైనాకు వచ్చినది. మన రైతులు మల్చింగ్ షీటు అని పిలుచునది ఇదియే. పొర క్రింద నేల వెచ్చగా నుండును, చెమ్మ ఆవిరి కాదు, కలుపు అణగును. 1990 తరువాతి సంవత్సరములలో పొర క్రిందనే డ్రిప్ పైపులు వేయుట కూడ ఆరంభమైనది. పొర పరచుట, పైపు వేయుట, రంధ్రము చేసి గింజ నాటుట, ఈ మూడు పనులను ఒకే యంత్రము ఒక్కసారిగా చేయుచున్నది. దిగుబడి పెరిగినది. పొర మేలు చేసినదనుటలో సందేహము లేదు. చిక్కంతయు పంట ముగిసిన పిమ్మట ఆరంభమైనది.

ఒక చిన్న లెక్క

చైనాలో చాలకాలము వాడుకలో నున్న పొర మందము 8 మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. మన తల వెండ్రుక మందములో ఈ పొర సుమారు పదియవ వంతు మాత్రమే. అంతకంటె పలుచని పొరలు కూడ వాడిరి. పలుచని పొర చవుక. రైతు దానినే కోరుట సహజము.

హెక్టారు చేనిలో నూటికి 80 వంతుల నేలపై 8 మైక్రానుల పొర పరచితిమనుకొందము. ఆ పొర బరువు సుమారు 60 కిలోలగును. పంట పిమ్మట అయిదింట నాలుగు వంతులు తీసి, ఒక వంతు విడిచితిమనుకొందము. ఏటికి 12 కిలోలు మట్టిలో నిలుచును. ఒక్క యేడు చూచిన స్వల్పమే. ఇరువది యేండ్లకు అది 240 కిలోలు. చైనా ప్రభుత్వము పొలములలో హెక్టారునకు 75 కిలోలకు మించి ప్లాస్టిక్ ఉండరాదని 2010లో ప్రమాణము విధించినది. మన లెక్క ప్రకారము ఏడవ యేటనే ఆ హద్దు దాటుచున్నది. షింజియాంగ్‌లో చిరకాలము పొర వాడిన చేలను పరీక్షించినపుడు హెక్టారునకు 200 కిలోలకు పైగా ప్లాస్టిక్ బయల్పడిన సందర్భములు కలవు.

మట్టిలోని ముక్కలు నీటిని సరిగా ఇంకనీయవు. వేరునకు అడ్డుపడును. గింజ పొరముక్కపై పడినచో మొలక నిలువదు. యంత్రముతో పత్తి తీయునపుడు పొరముక్కలు పత్తిలో కలియును. ప్లాస్టిక్‌నకు పత్తివలె రంగు అంటదు గనుక నూలులో, బట్టలో అది లోపముగా కనబడును. చైనా వారు ఈ బెడదకు ‘తెల్ల కాలుష్యము’ అని పేరిడిరి.

యంత్రములోని చిక్కులు

ఈ పొరను కూలీలచే ఏరించుట అంత విశాలమైన చేలలో సాధ్యము కాదు. యంత్రము కావలెను. కాని చేనిలో పొర ఒంటరిగా లేదు. దానిని చీల్చుకొని పత్తికట్టె నిలిచియున్నది. పొర అంచులపై, గాలికి లేవకుండుటకై, విత్తునాడు కప్పిన మట్టి యున్నది. ముందుగా డ్రిప్ పైపులను చుట్టి తీసివేయుదురు. తరువాత యంత్రము చేయవలసిన పనులు వరుసగా నాలుగు.

మొదటిది పత్తికట్టె సంగతి. కట్టెను వేరుతో పెరికినచో వేరుముద్ద పొరను చింపును. కట్టెను నరికి ముక్కలను అచటనే పడవేసినచో, అవి పొరతో కలిసి తీసిన ప్లాస్టిక్ దేనికిని పనికిరాకుండ పోవును. అందుచే యంత్రపు ముందుభాగమున, ట్రాక్టరు శక్తితో వేగముగా తిరుగు కత్తులు కట్టెను మొదలుకు కొంచెము పైన నరికి ముక్కలు చేయును. ఆ ముక్కలను మరచుట్లు గల పొడవాటి కమ్మి ఒకటి ప్రక్కకు, అనగా అంతకుమునుపే పొర తీసిన నేలపైకి, త్రోయును.

రెండవది అంచులను వదులు చేయుట. ఇరువైపుల చిన్న కర్రులు మట్టిలో దిగి అంచులను పైకి లేపును.

మూడవది పొరను పట్టుట. మన దంతె పళ్లవంటి పళ్లు గల గొలుసు గాని, రోలరు గాని పొరను గ్రుచ్చి పైకెత్తును. ఇచటనే నేర్పు కావలెను. పళ్లు లోతుగా దిగినచో మట్టిగడ్డలు వచ్చును, ట్రాక్టరుకు బరువు పెరుగును. పైపైన పోయినచో పొర మిగిలిపోవును. దగ్గరగా నున్నచో కట్టెమోళ్లు తట్టుకొనును. దూరముగా నున్నచో ముక్కలు జారిపోవును. పళ్లు ట్రాక్టరు నడకకంటె మెల్లగా తిరిగినచో పొర ముందు కుప్పపడును. మరీ వేగముగా తిరిగినచో చినుగును.

నాలుగవది పట్టిన పొరను విడిపించుట. రోలరుకు పొర చుట్టుకొన్నచో పని ఆగిపోవును. దీనికి వారొక చక్కని ఉపాయము పన్నిరి. రోలరు లోపలి ఇరుసును నడిమికి గాక ఒక ప్రక్కకు అమర్చిరి. పళ్లు క్రిందికి వచ్చినపుడు బయటికి పొడుచుకొని వచ్చును. పైకి పోయినపుడు లోపలికి ముడుచుకొనును. పట్టు తప్పిన పొర వెనుకనున్న పెట్టెలో పడును.

యంత్రము చాలని చోటు

ఇంత నేర్పుతో చేసిన యంత్రము కూడ ఒక్క చోట ఓడినది. అయిదారు నెలలు ఎండకు మాగిన పలుచని పొరకు, పంటి పట్టును ఓర్చు బలముండదు. తనను తాను మోయలేని పొరను ఏ యంత్రము మోయగలదు? మట్టి లోతున చేరిన పాత ముక్కలను తీయుట మరింత కష్టము. ఆ మట్టినంతను త్రవ్వి జల్లింపవలెను.

కనుక యంత్రమును సవరించుట మాత్రమే చాలదనియు, పొరనే సవరింపవలెననియు చైనా ప్రభుత్వము గ్రహించినది. 2018 మే నెల నుండి పొర మందము 10 మైక్రానులకు తగ్గరాదని నియమించినది. 2020 సెప్టెంబరు నుండి పొర తయారీ, అమ్మకము, వాడకము, తిరిగి సేకరణ, అన్నింటికి వర్తించు నిబంధనలను అమలులోనికి తెచ్చినది. మట్టిలో కరగిపోవు పొరలను కూడ పరీక్షించుచున్నారు. అయితే అవి పంట ముగియక ముందే కరగినచో చెమ్మ నిలువదు, కలుపు లేచును.

మనము గ్రహింపదగినది

తెలుగు రాష్ట్రములందు పత్తి చాలవరకు వర్షాధారము. దానికి పొర పరచుట సామాన్యముగా లేదు. మనకు పత్తికట్టె వేరుగ, పొర వేరుగ ఎదురగుచున్నవి. కట్టెపై మిగిలిన కాయలలో గులాబీ రంగు పురుగు దాగి మరుసటి పంటకు ప్రాకును. కావున చివరి తీత కాగానే కట్టెను తొలగించుట గాని, ష్రెడ్డరుతో ముక్కలు చేయించుట గాని ఊరివారందరు ఒకే కాలమున చేయవలెను. ఒక్క చేను మిగిలినను పురుగునకు ఆశ్రయమగును.

పొర మన యొద్ద పుచ్చ, మిరప, కూరగాయల తోటలలో వచ్చినది. మన రైతులు సాధారణముగా వాడునది 25, 30 మైక్రానుల పొర. ఇది మన అదృష్టము. దానిని చేతితోనే చుట్టి తీయవచ్చును. పంట ముగియగానే మొక్కలను కోసి, పైపులను తీసి, పారతో అంచులను వదులు చేసి, పొరను చుట్టవలెను. పొరపై రోటవేటరు నడుపరాదు. ఒక్క పూట శ్రమకు వెరచి రోటవేటరు నడిపినచో, పిదప ఏ యంత్రమును తీయలేని ముక్కలను మన చేతులతో మనమే నాటినట్లగును. చవుకయని పలుచని పొరను కొనుటయు అట్టిదే.

తీసిన పొరను గట్టున తగులబెట్టరాదు. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థముల నిర్వహణ నియమములు, ప్లాస్టిక్‌ను సేకరించి శుద్ధి కేంద్రములకు చేర్చు బాధ్యతను, బహిరంగముగ కాల్పకుండ చూచు బాధ్యతను గ్రామ పంచాయతీలకు కూడ అప్పగించినవి. పొర పరచిన తోటలు ఎవరెవరికి కలవో పంచాయతీ ఒక పట్టీ వ్రాయించవచ్చును. పంట ముగియు కాలమున పొరచుట్టలను చేర్చుటకు ఒక పాక చూపవచ్చును. మట్టి దులిపి కట్టిన చుట్టలకు కొనువాడు దొరకును. మట్టితో, కంపతో కలిసిన వాటిని ఎవరును ముట్టరు.

చైనా రైతు పొర వాడి తప్పు చేయలేదు. తీయుటను మాత్రము ఆలస్యముగా తలచెను. పరచునాడే తీయుదినమును గూర్చి తలచుట మనకు ఇంకను సాధ్యము. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.