కాలువ గట్టుమీద ఒక్కరమే

ఈ పత్రికలో భద్రతా విభాగం వారి వ్యాసమనగానే శిరస్త్రాణము, చేతొడుగులు, పాదరక్షలు అనే పాత పాఠమేనని పాఠక మిత్రులు పుట తిప్పివేయడం మాకు తెలియని సంగతి కాదు. ఈసారి అట్టివేవీ లేవు. గత మే నెలలో సెలవుపై వెళ్ళినపుడు చేసిన ఒక సైకిలు ప్రయాణాన్ని గూర్చి మాత్రమే విన్నవించుకుంటున్నాము. మేము అన్నది వ్రాతలోని మర్యాదకే గాని వెళ్ళినది ఒక్కరమే. చిక్కంతా అక్కడనే వచ్చినది.

ముందుగా వాహనము గురించి. దీనిని గ్రావెల్ సైకిలు అంటారు. మన ప్రాంతంలో గ్రావెల్ అనగా రోడ్డు పనులలో పరచే ఎర్రమట్టి కంకర. అట్టి బాటలమీద దూరప్రయాణం చేయడానికై రూపొందించిన సైకిలు ఇది. హ్యాండిలు పందెపు సైకిలు వలె పొట్టేలి కొమ్ముల తీరున వంగి ఉంటుంది. టైరు మాత్రం వెడల్పు. మాది 40 మిల్లీమీటర్లు. ఇందులోని కిటుకంతా గాలిలో ఉన్నది. గాలి బిగించి కొడితే చక్రం ప్రతి రాయికీ ఎగిరిపడి మన నడుమును పరీక్షిస్తుంది. కొంత తగ్గిస్తే టైరు రాతిని తనలో ఇముడ్చుకొని సాగిపోతుంది. మరీ తగ్గిస్తే రిమ్ము రాతికి కొట్టుకొని మధ్యన ట్యూబు నలిగి తెగుతుంది. మా వద్ద పంపు, అదనపు ట్యూబు, పంక్చరు సామగ్రి అన్నీ ఉన్నవి. సైకిలుకు రాగల ప్రతి ఆపదకూ సిద్ధపడి బయలుదేరాము. ఎక్కినవానికి రాగల ఆపద తలపునకు రాలేదు.

ధవళేశ్వరంలో అత్తవారి ఇంట నుండి తెల్లవారుజామున నాలుగున్నరకు కదిలాము. ఆనకట్ట దాకా పోయి వస్తామని బావమరిదితో చెప్పాము. మనసులో ఉన్నది పి. గన్నవరం అక్విడక్టు. ఈ వయసులో ఎండలో అంత దూరమా అని ఇంట్లో అడ్డుపడుదురని సగమే చెప్పాము.

ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు బ్యారేజి ఉన్నది. దాని మీదుగా, పిచ్చుకలంక దాటి, బొబ్బర్లంక చేరేసరికి తూర్పు ఎర్రబారినది. మధ్య డెల్టాకు నీరిచ్చే ప్రధాన కాలువ అక్కడనే పుడుతుంది. అయితే మేము వెళ్ళినపుడు అందులో నీరు లేదు. గోదావరి డెల్టాలో రబీ కోతలు ముగిసిన పిదప మరమ్మతులకై కాలువలు కట్టివేస్తారు. జూన్‌లో మళ్ళీ వదులుతారు. ఎండిన కాలువ చూడదగిన దృశ్యం. నిండుగా పారేటప్పుడు కనబడని రేవుమెట్లు, పడవలు నడచిన రోజుల నాటి రాతి కట్టడాలు బయటపడతాయి. ఒకచోట పిల్లలు కాలువ నడుమ క్రికెట్టు ఆడుతున్నారు. ఇంకొకచోట కూలీలు వాడిపోయిన గుర్రపుడెక్కను గట్టుకు లాగుతున్నారు.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాని ఆ వేళకు దుకాణాలు తెరవలేదు. లొల్ల లాకుల వద్ద కాలువ చీలిపోయే చోట కాసేపు నిలిచాము. అక్కడి నుండి ఒక గట్టున తారురోడ్డు, ఆవలి గట్టున ఎర్రని గ్రావెల్ బాట. మేము ఆవలి గట్టే పట్టాము. ఆ గంటన్నర ఆనందాన్ని దాచుకోవడం న్యాయం కాదు. టైర్ల కింద కంకర సన్నగా నలుగుతూ పేలాలు వేగినట్లు చప్పుడు. కొబ్బరి తోటల నుండి చల్లగాలి. ఎదురైనవాడల్లా సైకిలు వంక చూసి, పిదప మా వంక చూసి, తల ఊపేవాడే. రావులపాలెం వద్ద జాతీయ రహదారి దాటుతూ నాలుగు అరటిపళ్ళు తిన్నాము.

ఎనిమిది గంటలకు ఎక్కడ ఉన్నా అక్కడి నుండి వెనుదిరగాలని బయలుదేరే ముందే నిర్ణయించుకున్నాము. ఎనిమిదయినది. అక్విడక్టు ఇక కొద్దిదూరమే అన్నారు. కర్మాగారంలో పనివేళ దాటిన పిదప "ఈ ఒక్క బోల్టు బిగించి వస్తాను సార్" అనేవానిని ఎందరినో మందలించిన నోటితోనే, ఇంకొంచెమే గదా అనుకున్నాము.

అక్విడక్టు నిజంగా చూడదగినదే. వైనతేయ పాయ మీదుగా కాలువను అవతలి లంకకు దాటించడానికి 1850ల తొలినాళ్ళలో 49 కమానులతో పాత కట్టడాన్ని నిర్మించారు. దాని పక్కన 2000 సంవత్సరంలో వినియోగంలోకి వచ్చిన కొత్త కట్టడానికి, ఆకలన్నవానికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఒకటి కట్టినవారి గొప్ప, ఒకటి పెట్టినవారి గొప్ప అని ఆలోచిస్తూ, ఫోటోలు తీస్తూ కూర్చుంటే పదయినది.

తిరుగు ప్రయాణంలో సముద్రపు గాలి లేచినది. గాలి వీపున తోస్తుంటే సైకిలు తనంతట తానే పోతున్నట్లున్నది. అదృష్టమనుకున్నాము. మోసమంతా అందులోనే ఉన్నది. సైకిలు తొక్కేవాని కండరాలు వెచ్చించే శక్తిలో పెడలుకు చేరేది నాలుగవ వంతు. మిగిలినదంతా ఒంట్లో వేడిగా నిలుస్తుంది. ఆ వేడిని తీసుకుపోవలసినది చెమట. చెమట ఆరవలసినది గాలికి. వెనుక గాలి మన వేగంతోనే వస్తుంటే ఒంటికి తగిలే గాలి ఉండదు. పైగా కోనసీమ ఉక్కలో చెమట ఆరదు, కారుతుంది. పొడివేడి ప్రాంతాలలో పెరిగిన మాకు ఈ తేడా పుస్తకంలో తెలుసును గాని ఒంటికి తెలియదు.

పదిన్నరకు నీళ్ళు అయిపోయినవి. కాలువ గట్టున దాహమా అని నవ్వవచ్చు. ఎండిన కాలువకు ఒక వైపు మేము, ఊళ్ళన్నీ అవతలి వైపు. వంతెన ఎక్కడో ముందున్నది. నడినెత్తిన సూర్యుడుంటే కొబ్బరిచెట్టు నీడ దాని మొదటికే చాలదు. పడిన చెమటే కళ్ళలో మండుతుండగా ఒక్కసారిగా ఒళ్ళు జలదరించి రోమాలు నిక్కబొడుచుకున్నవి. మండుటెండలో చలి! ఏటేటా మార్చి నెలలో కొలిమి విభాగం వారికి మేము చెప్పే పాఠంలో ఇది మూడవ లక్షణం. రెండవది ఏమిటో ఎంత ప్రయత్నించినా గుర్తుకు రాలేదు. అప్పుడు భయం వేసినది.

మామిడిచెట్టు కింద ఒక పాక కనబడితే అటు తిప్పాము. దిగామో, పడ్డామో చెప్పలేము. పాకలోని మామ్మగారు పేరూ ఊరూ అడగలేదు. నులకమంచం నీడకు లాగి పడుకోబెట్టి, తువ్వాలు తడిపి మెడమీద, చంకలలో పెట్టినది. పదేళ్ళ మనుమడు చేతిపంపు కొట్టి చెంబులతో నీళ్ళు తెచ్చి కాళ్ళమీద పోశాడు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ గుక్కగుక్కగా పట్టించినది. గడగడ తాగబోతే గ్లాసు వెనక్కి లాగుకున్నది.

కాస్త తేరుకున్నాక అడిగినది. "ఇంతెండలో ఒక్కరే వచ్చారేంటి బాబూ? ఇంట్లో చెప్పే వచ్చారా?"

మేము మాట మార్చాము. ఆమె మార్చనివ్వలేదు. "చెప్పలేదన్నమాట. ఇంకాస్త ముందుకెళ్ళి పడుంటే సాయంత్రందాకా ఎవరూ చూడరండి ఈ గట్టుమీద."

ట్యాంకులోకి ఒక్కడే దిగినా సరే, బయట పేరు పట్టుకొని కూర్చునేవాడు ఒకడు ఉండి తీరాలన్నది మా విభాగపు మొదటి నియమం. ఆ మనిషి లేనిదే అనుమతిపత్రం మీద సంతకం చేయము. నులకమంచం మీద వెల్లకిలా పడి, తృటిలో తప్పిన ప్రమాదాలకై మేము అచ్చు వేయించిన ఫారాన్ని మనసులోనే పూర్తి చేయసాగాము. స్థలము: కాలువ గట్టు. కారణము: నిర్ణీత సమయం దాటి పని కొనసాగించుట. బయట నిలిచిన వ్యక్తి పేరు: లేదు. చేతిలోని ఫోను అప్పటికే వేడెక్కి ఆరిపోయి ఉన్నది.

మనుమడికి వేరే సందేహాలున్నవి. "మడ్‌గార్డులు లేవేంటండీ? స్టాండు కూడా లేదా? దీన్ని ఎంతకు కొన్నారండీ?" మొదటి రెంటికీ సమాధానం చెప్పాము. మూడవదానికి ఆ పాకలో కూర్చొని నోరు రాలేదు.

మూడు గంటలు లేవనివ్వలేదు. మజ్జిగకూ మంచానికీ డబ్బు తీయబోతే మామ్మగారు చూసిన చూపుకు చేయి జేబులోనే ఉండిపోయినది. సాయంత్రం కొబ్బరికాయల లోడుతో రాజమండ్రి వైపు వెళ్తున్న ఆటోను మనుమడే కేకవేసి ఆపాడు. సైకిలును కాయల మీద పడుకోబెట్టి, పక్కన మేము కూర్చున్నాము.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. అరుగు మీద నలుగురు ఉన్నారు. ఉదయం నుండి ఇద్దరు ఆనకట్ట పొడవునా మా కోసం వెదికి వచ్చారట. బావమరిది లేచి సైకిలు దింపి గోడకు ఆనించి, ఎర్రదుమ్ము పట్టిన చక్రాలను చాలాసేపు చూశాడు.

"ఆనకట్ట ఎప్పుడు జరిగిందండీ బావగారూ, గన్నవరం దాకా?"