108 బండి రాకముందు, వచ్చిన తరువాత



మా కాన్పుల వార్డు రిజిస్టరులో మూడు గడులు అదనంగా గీసి ఉంచాము. ప్రమాదం మొదలయిన సమయం, 108కి ఫోను చేసిన సమయం, మా దగ్గర చికిత్స మొదలయిన సమయం. ఎందుకు గీశామో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ప్రభుత్వమూ ప్రైవేటు సంస్థా కలిసి నడిపే పనికి మన పల్లెల్లో అందరికీ తెలిసిన ఉదాహరణ 108. అది 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమై, క్రమంగా మండలాలకు చేరింది. కొందరు దీనిని సర్కారు బండి అంటారు, మరికొందరు కంపెనీవారి దానమంటారు. రెండూ సగమే నిజం. ఖర్చులో అధిక భాగం ప్రభుత్వానిది, అంటే మనం కట్టే పన్నులది. ఫోను అందుకునే కేంద్రం, బండి, డ్రైవరు, శిక్షణ పొందిన టెక్నీషియను, వీటి నిర్వహణ ఒప్పందం చేసుకున్న సంస్థది.

2009 జనవరిలో, దీనిని స్థాపించిన సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కల మోసం ఒప్పుకుని అరెస్టయినప్పుడు, ఇక బండ్లు ఆగిపోతాయని మేము భయపడ్డాము. ఆగలేదు. అదే ఏడాది జీవీకే సంస్థ బాధ్యత తీసుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలైలో నిర్వహణ మరో సంస్థకు మారింది. నంబరు మాత్రం మారలేదు. కంపెనీ దయ మీదే నడిచి ఉంటే ఆనాడే మూతపడేది. ప్రభుత్వ బడ్జెటు వెనుక ఉండబట్టి నిలిచింది. అలాగని ఇబ్బందులు లేవనడం లేదు. జీతాల కోసం సిబ్బంది సమ్మెకు దిగిన సందర్భాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

తల్లుల మరణాల గురించి 1994లో తాడియస్, మెయిన్ అనే పరిశోధకులు మూడు ఆలస్యాలను వివరించారు. ఆసుపత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, చేరిన తరువాత వైద్యం అందడంలో ఆలస్యం. 108 తగ్గించేది మధ్యదాన్నే. మొదటిది మీ ఇంట్లో ఉంది, మూడవది మా ఆసుపత్రిలో ఉంది.

ఒక రాత్రి వాగు అవతలి ఊరి నుండి ఒక తొలిచూలు తల్లిని తెచ్చారు. సాయంత్రం ఇంటివద్దే కాన్పు అయింది. మాయ పడలేదు, రక్తం ఆగలేదు. మామగారు పొలం నుండి వచ్చి చెప్పేవరకు ఎవరూ ఫోను చేయలేదు. ఫోను చేశాక బండి త్వరగానే వచ్చింది. టెక్నీషియను సెలైన్ పెట్టి తీసుకువచ్చాడు. ఇక మా సంగతి. రక్తం గ్రూపు చూడవలసిన ల్యాబు తాళం ఎవరి దగ్గరుందో వెతకడంలో ఇరవై నిమిషాలు పోయాయి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ అమ్మాయి బ్రతికింది గాని గర్భసంచి తీసివేయవలసి వచ్చింది. ఆమె వయసు ఇరవై రెండు.

మరునాటి నుండి ల్యాబు తాళం కాన్పుల గదిలోనే మేకుకు వేలాడుతోంది. బండి బయలుదేరగానే మాకు ఫోను చేయమని టెక్నీషియన్లను కోరాము, చేస్తున్నారు కూడా.

ఇక మీరు చేయవలసినది. కాన్పు తరువాత అరగంటలో రెండు మూడు గుడ్డలు తడిసిపోయినా, మాయ పడకపోయినా, కడుపుతో ఉన్నామెకు ఫిట్స్ వచ్చినా, తొమ్మిదో నెలలోనే కాదు, ఎప్పుడు రక్తం కనపడినా, ఇంటి పెద్ద కోసం ఎదురు చూడవద్దు. ఎవరైనా 108కి ఫోను చేయవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. ఊరి పేరు, మండలం పేరు, దగ్గర్లోని గుర్తు (బడి, గుడి, చర్చి, వాటర్ ట్యాంకు, ఏదైనా సరే) చెప్పండి. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లుంటాయి కనుక మండలం తప్పక చెప్పాలి. ఒక మనిషిని టార్చిలైటుతో రోడ్డు మీద నిలబెట్టండి. ఈలోగా తల్లిని వెచ్చగా పడుకోబెట్టండి, బిడ్డకు పాలు పట్టించండి, మాయను మాత్రం లాగవద్దు. ఆశా కార్యకర్తకు కబురు పెట్టండి. బండి రాలేని దారి అయితే, ఎంతవరకు మోసుకురావాలో నెలలు నిండకముందే ఆమెతో మాట్లాడి పెట్టుకోండి.

మా రిజిస్టరు తిరగేస్తే మొదటి గడికి, రెండవ గడికి మధ్యనే ఇప్పటికీ ఎక్కువ గంటలు పోతున్నాయి. మూడవ గడి సంగతి ఎవరైనా వచ్చి అడగవచ్చు, పుస్తకం తీసి చూపిస్తాము.