అసలెంత? అతుకెంత?

పాత కావ్యాలలో ప్రక్షిప్తాలు ఏవో ఏరడం మాబోటి తెలుగు మేష్టర్లకు అలవాటయిన పనే. కాని మొన్న సంక్రాంతికి మా మేనమామగారు ఉంగుటూరు వస్తూ ఆటోలోంచి ఒక పాత కంప్యూటరును దించి, "ఇందులో అసలెంతో, అతుకెంతో చూసిపెట్టరా అబ్బాయ్!" అన్నప్పుడు మాత్రం నాకు నోట మాట రాలేదు.

ఆయన ఏలూరులో లెక్కల మేష్టారుగా పనిచేసి రిటైరయ్యారు. బడిపిల్లలకు కంప్యూటరు నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 1984లో 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టింది. అందుకు ఎన్నుకొన్నది ఇంగ్లండులో ఏకార్న్ సంస్థవారు 1981 చివర విడుదల చేసిన బి.బి.సి. మైక్రో. దాని జ్ఞాపకశక్తి అంతా కలిపి 32 కిలోబైట్లు. ఇవాళ మన సెల్‌ఫోనులో ఒక్క ఫోటోకి కూడా అది చాలదు. బడివారు దాన్ని కండెం చేసి వేలం వేసిననాడు మామయ్యే పాడుకొన్నారు. ఇప్పుడు హైదరాబాదులో పాత యంత్రాలు సేకరించే ఒకాయన, భాగాలన్నీ అసలువే అయితే నలభై వేలు ఇస్తానన్నాడట. అత్తయ్య మోకాలి ఆపరేషను దగ్గరపడింది. కాదనడం ఎలా?

మా కాలేజీ ఫిజిక్సు లెక్చరరును తోడు తెచ్చుకొన్నాను. 'ఫిక్స్' అని గుర్తు వేసిన మరలు విప్పితే మూత వచ్చింది. చిప్పుల నెత్తిన సన్నని అంకెలు వున్నాయి. చాలా కంపెనీల చిప్పులమీద అందులో ఒక నాలుగంకెల వరుస పుట్టినతేదీ చెబుతుంది. 8436 అంటే 1984వ సంవత్సరం, 36వ వారం. ఆవకాయ జాడీమీద అత్తయ్య వేసే తేదీవంటిదే! భూతద్దంతో ఒక్కొక్కటే చదువుకుంటూ పోయాము. అన్నీ 84వే. కీబోర్డును కనిపెట్టుకొని వుండే 6522 అనే చిప్పు దగ్గర మాత్రం ఆగిపోయాను. దానిమీద 8911 అని వుంది.

బోర్డును తిరగేశాము. ఫ్యాక్టరీలో పెట్టిన సోల్డరు ముత్యాలకోవలా ఒకే తీరున వుంటుంది. ఆ చిప్పు నలభై కాళ్ళ చుట్టూ మాత్రం గోధుమరంగు మరక! చేత్తో అతికిన పని అని తేలిపోయింది.

తేదీ పాతదయినంత మాత్రాన అసలుదని కూడా నమ్మరాదండోయ్. సాకెట్లలో కూర్చున్న చిప్పులను వేరే మిషనులోంచి తెచ్చి మార్చినా మరక పడదు. పాత అక్షరాలు గీకేసి, నల్లరంగు పూసి, కొత్త తేదీ అచ్చువేసే ఘనులూ వున్నారు. ఎసిటోనులో తడిపిన దూదితో తుడిస్తే ఒక్కొక్కప్పుడు ఆ రంగు బయటపడుతుంది. మరొక చిక్కు: బొమ్మను తెరమీదికి పంపే చిప్పు మొదట్లో బాగా వేడెక్కేది, వేడి లాగడానికి దానిమీద అల్యూమినియం రేకు పెట్టేవారు. తరువాతి మిషన్లలో ఆ రేకు అక్కరలేని చిప్పు వచ్చింది. కవే మలికూర్పులో దిద్దుకొన్న పాఠాన్ని ప్రక్షిప్తమంటామా?

పవరుపెట్టెలోని పసుపుపచ్చ కండెన్సరు సంగతి వేరు. అది ఏళ్ళు గడిచేకొద్దీ బీటలువారి తేమ పీలుస్తుంది. కరెంటు పెట్టగానే పొగలు కక్కుతుంది. మా కొల్లేటి గాలిలో చెప్పనే అక్కరలేదు. అక్కడ అసలుకోసం పట్టుపట్టడం తెలివితక్కువ. కొత్తది వేయించాకనే స్విచ్చి నొక్కాము. రెండు స్వరాలతో కూత పెట్టి మేలుకొంది!

8911 సంగతి చెబితే మామయ్య కాసేపు మాట్లాడలేదు.

"తొంభైలో వేసవి సెలవులయ్యాక చూస్తే మీటలు పలకలేదురా. బడిలో డబ్బు లేదన్నారు. నేనే కోఠీలో కొనుక్కొచ్చి వేయించాను. మరచేపోయాను!" అన్నారు.

హైదరాబాదాయనకు ఫోను చేశాము. "84 తేదీ వున్న చిప్పు నేనే పంపుతాను, వేయించండి. అప్పుడు అంతా అసలే! నలభై వేలూ ఇస్తాను. లేకపోతే పాతిక" అన్నాడు.

"ఏ బడి మిషనులోంచి పీకిందో ఆ చిప్పు! నాది ఆ మిషనులోనే వుండి పిల్లలకు పాఠం చెప్పింది. పాతికే ఇమ్మనండి" అన్నారు మామయ్య.

లోపలి గదిలోంచి అత్తయ్య ఏమీ అనలేదు. మిగతా పదిహేను వేలూ నేను సర్దుతానంటే మామయ్య వినిపించుకోలేదు.

మార్చిన భాగాల జాబితా నేను కాగితంమీద వ్రాసి ఇచ్చాను: ఒక చిప్పు, ఒక కండెన్సరు. మామయ్య సంతకం చేసి, చిప్పుకు ఎదురుగా "ఇది నేను వేయించినది" అని స్వదస్తూరీతో చేర్చారు.