స్టీరింగ్‌లో ‘ప్లే’.. ప్రాణాలతో ఆట
పాత కార్లు, జీపులు, లారీలకు పైమెరుగులే తప్ప అరిగిన భాగాల మార్పిడిపై కొరవడుతున్న శ్రద్ధ

విజయవాడ: పెళ్లి ఊరేగింపులో పూలదండలతో మెరిసిపోయే అంబాసిడర్‌ను చూసినవారు దాని రంగును మెచ్చుకుంటారు. స్టీరింగ్‌ను మూడు అంగుళాలు తిప్పినా ముందు చక్రాలు కదలని సంగతి మాత్రం నడిపేవారికే తెలుసు. చాలా సందర్భాల్లో వారికీ తెలియదు. ఈ లోపం ఒక్కరోజులో వచ్చేది కాదు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పెరుగుతుంది, దానికి తగ్గట్టే చెయ్యీ అలవాటు పడిపోతుంది. సొంతదారు సెలవు పెట్టి మరో డ్రైవరు బండెక్కిన రోజునే అసలు విషయం బయటపడుతుంది.

పాత వాహనాలను సేకరించి బాగుచేయించుకునే అభిరుచి ఉన్నవారి ఖర్చు ఎక్కువగా పెయింటింగు, క్రోమ్ పూత, సీట్లకే పోతోంది. స్టీరింగ్ భాగాల వంతు చివర వస్తుంది. నిజానికి ఈ వరుస తలకిందులు కావాలి. ఇంజిన్ ఆగిపోతే బండి రోడ్డు పక్కన నిలుస్తుంది. బ్రేకు బలహీనపడితే పెడల్ ముందే కొంత హెచ్చరిస్తుంది. టైరాడ్ చివరనుండే బాల్ జాయింట్ ఊడితే మాత్రం ఒక చక్రం ఒకవైపు, రెండోది మరోవైపు మళ్లుతాయి. చేతిలో స్టీరింగ్ ఉన్నా ప్రయోజనం ఉండదు.

నిబంధన ఏమంటోంది?

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 98వ నియమం స్టీరింగ్‌కు సంబంధించినది. దాని ప్రకారం స్టీరింగ్ చక్రంపై ఖాళీ తిరుగుడు 30 డిగ్రీలకు మించరాదు. బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులు ఉండాలి. బోల్టులు, పిన్నులతో బిగించిన చోట అవి ఊడిపోకుండా పకడ్బందీగా లాక్ చేసి ఉండాలి.

30 డిగ్రీలంటే గడియారం ముఖంపై 12 నుంచి 1 వరకు ఉన్న దూరం. 16 అంగుళాల వ్యాసం గల స్టీరింగ్ చక్రం అంచున కొలిస్తే అది సుమారు 4 అంగుళాలు. బండిని నిలిపి, ముందు చక్రాలను తిన్నగా ఉంచి, స్టీరింగ్ అంచున సుద్దముక్కతో గీత గీసి ఎవరైనా సరిచూసుకోవచ్చు. అయితే ఇది చట్టం సహించే గరిష్ఠ హద్దు మాత్రమే. బండి బాగుందని చెప్పే కొలత కాదు. చిన్న కారులో అంత ప్లే ఉంటే ఇరుకు రోడ్డుపై ఎదురుగా బస్సు వచ్చినపుడు తప్పించడం కష్టమే.

అరిగింది ఏది?

ప్లే కనిపించగానే స్టీరింగ్ బాక్సుపై ఉండే సర్దుబాటు స్క్రూను బిగించేయడం చాలాచోట్ల జరుగుతున్న తప్పు. బండి ఎక్కువ దూరం తిన్నగానే పోతుంది కనుక బాక్సులోని వార్మ్ మధ్యభాగంలోనే అధికంగా అరుగుతుంది, రెండు చివరలూ కొత్తవాటిలా మిగులుతాయి. మధ్యలో ప్లే పోయేలా స్క్రూ బిగిస్తే చివరలకు వచ్చేసరికి పట్టేస్తుంది. మలుపు తిరిగిన స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. అదీగాక అసలు లోపం బాక్సులో కాక జాయింట్లలో ఉంటే ఈ బిగింపుతో మంచి బాక్సు కూడా పాడవుతుంది.

పరీక్షకు ఇద్దరు చాలు. బండి తన బరువుపై నేలమీదే నిలిచి ఉండాలి. ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ కదుపుతుంటే రెండోవారు కింద ఒక్కో జాయింటుపై చెయ్యి ఆనించి చూడాలి. ఒకవైపు కడ్డీ కదిలి, దానికి తగిలించిన రెండోవైపు ఆలస్యంగా కదిలితే ఆ జాయింట్ అరిగినట్లే. తర్వాత చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. కదలిక ఉంటే అది వీల్ బేరింగుదో, కింగ్‌పిన్‌దో తేల్చాలి. తోడున్నవారు బ్రేకు తొక్కి పట్టినపుడు కదలిక ఆగితే లోపం బేరింగులో ఉన్నట్లు, ఆగకపోతే కింగ్‌పిన్‌లో ఉన్నట్లు. ఈ ఒక్క చిట్కా తెలియక అనవసరంగా బేరింగులు మార్పించుకున్నవారు కొల్లలు.

అంబాసిడర్‌ది ఒక తీరు.. ఫియట్‌ది మరో తీరు

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై తయారైన అంబాసిడర్‌కు ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ ఉంటుంది. హిందుస్థాన్ మోటార్స్ 2014లో దీని ఉత్పత్తిని నిలిపివేసింది. ర్యాక్‌కు రెండు వైపులా ఉండే ముడతల రబ్బరు తొడుగులు దీనికి ఆయువుపట్టు. అవి చిరిగితే దుమ్ము, వాననీరు లోపలికి చేరి, ఉన్న ఆయిల్‌తో కలిసి ఆకురాయిలా పళ్లను అరగదీస్తాయి. తొడుగు ఖరీదు కొద్దిపాటిదే. దాన్ని వాయిదా వేస్తే మొత్తం ర్యాక్‌ను మార్చాల్సి వస్తుంది. ర్యాక్ పళ్లు మధ్యలో గుంతపడితే షిమ్‌లు తీసి సర్దడం కొంతకాలమే పనికొస్తుంది.

ఫియట్ 1100, దాని వారసురాలైన ప్రీమియర్ పద్మినిలలో స్టీరింగ్ బాక్సు, డ్రాప్ ఆర్మ్, ఎదుటివైపు ఐడ్లర్ ఆర్మ్, మధ్యన కడ్డీ ఉంటాయి. జాయింట్ల సంఖ్య ఎక్కువ. ఒక్కోదానిలో వెంట్రుకవాసి ప్లే ఉన్నా అన్నీ కలిసి స్టీరింగ్ దగ్గరకు వచ్చేసరికి అంగుళాల్లో కనిపిస్తుంది. అందుకే ఒక్క టైరాడ్ ఎండ్ మార్చి ఊరుకుంటే ఫలితం అంతంతమాత్రమే. ఐడ్లర్ బుష్‌ను చాలామంది మరచిపోతారు.

జాయింట్ విప్పడంలోనూ పద్ధతి ఉంది. పిన్ను కొసపై సుత్తితో మోదితే మరలు చితికిపోతాయి. పుల్లర్‌తో లాగడం మేలు. అది లేనిచోట ఆర్మ్ కన్నుకు ఒకవైపు బరువైన సుత్తి ఆనించి రెండోవైపు కొడితే టేపర్ వదులుతుంది. పాత జాయింట్ ఎన్ని చుట్లకు ఊడి వచ్చిందో లెక్కపెట్టుకుని కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించాలి. ఒకవైపు కుడి మర, రెండోవైపు ఎడమ మర ఉండే కడ్డీల విషయంలో తికమకపడరాదు. కాజిల్ నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే నట్టును మరికొంత బిగించాలే గాని వెనక్కి వదలరాదు. పాత స్ప్లిట్ పిన్నును వంచి మళ్లీ వాడటం కొన్ని రూపాయలు మిగుల్చుకోవడమే. రూపాయలకు, ప్రాణానికి ముడిపెట్టే బేరం అది.

జీపులో ‘బెల్ క్రాంక్’

పాత విల్లీస్ తరహా జీపులకు ముందు ఇరుసుపై బెల్ క్రాంక్ అనే భాగం ఉంటుంది. బాక్సు నుంచి వచ్చే డ్రాగ్ లింక్ దీన్ని తిప్పితే, ఇది రెండు టైరాడ్లను కదుపుతుంది. దీని పిన్ను, బేరింగులు అరిగితే వేగం పెరిగినపుడు గుంత తగలగానే ముందు చక్రాలు వణకడం మొదలవుతుంది. కొండదారుల్లో తిరిగే జీపులకు ఇది అత్యంత ప్రమాదకరం. వణుకును ఆపడానికి స్టీరింగ్ డ్యాంపర్ బిగించుకుంటున్నవారున్నారు. వణుకు అణగుతుంది, అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది. ముందు బెల్ క్రాంక్, ఆపై డ్రాగ్ లింక్‌లోని స్ప్రింగులు, కప్పులు, చివరగా నకిల్ బేరింగుల షిమ్‌లు.. ఈ వరుసలో చూసుకోవడం మంచిది.

లారీకి కింగ్‌పిన్నే కీలకం

టాటా మెర్సిడెస్ బెంజ్, లేలాండ్ పాత లారీల్లో ముందు ఇరుసు ఒకే దిమ్మెగా ఉంటుంది. దాని చివరన కింగ్‌పిన్ ఆధారంగా చక్రం మలుగుతుంది. సరుకుతో ముందు ఇరుసుపై పడే టన్నుల బరువును ఈ పిన్ను, దాని బుష్‌లు, కింది థ్రస్ట్ బేరింగ్ భరిస్తాయి. గ్రీజు సకాలంలో పెట్టకపోవడమే ఇవి అరగడానికి ప్రధాన కారణం. బండి బరువు చక్రాలపై ఉండగా గ్రీజు గన్ను కొడితే అవసరమైన చోటికి గ్రీజు చేరకపోవచ్చు. చక్రాన్ని జాకీతో లేపి, అటూ ఇటూ తిప్పుతూ పెట్టాలి. పాత గ్రీజు బయటకు వచ్చేదాకా కొట్టాలి.

కొత్త బుష్‌లు ఎక్కించేటప్పుడు బుష్ రంధ్రం, గ్రీజు నిపుల్ రంధ్రం ఎదురెదురుగా వచ్చాయో లేదో చూడాలి. ఇది తప్పితే ఎంత గ్రీజు పెట్టినా లోపలికి పోదు. కొద్ది నెలల్లోనే పని మొదటికి వస్తుంది. పైబుష్, కిందిబుష్ రెండూ ఒకే వరుసలో ఉండేలా పొడవాటి రీమర్‌తో కలిపి సైజు చేయాలి. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే ఇక్కడి జవహర్ ఆటోనగర్‌లో లేత్, రీమింగ్ పనులకు కొదవ లేదు. పట్టేసిన కింగ్‌పిన్‌ను గ్యాస్‌తో ఎర్రగా కాల్చి తీయడం మాత్రం మానాలి. ఇరుసు ఉక్కుకు ఉన్న గట్టిదనం కాల్చడంతో పోతుంది. ప్రెస్‌తో నెట్టడమే సరైన దారి.

వెల్డింగ్ వద్దు

విడిభాగాలు దొరకని పాత వాహనాలకు లేత్ పనే దిక్కు. బుష్‌లు కొత్తగా చేయించుకోవచ్చు, పిన్నులూ చేయించుకోవచ్చు, అయితే అసలు దానితో సమానమైన ఉక్కు, గట్టిదనం ఉండాలి. డ్రాప్ ఆర్మ్, స్టీరింగ్ ఆర్మ్, బాల్ పిన్నులపై వెల్డింగ్ పెట్టి అరిగిన చోటును నింపడం వేరు. వీటిని కొలిమిలో సాగగొట్టి, వేడితో పదును పెట్టి తయారు చేస్తారు. వెల్డింగ్ వేడికి ఆ పదును పోయి అతుకు పక్కన సన్నని పగుళ్లు పుడతాయి. పైకి కనిపించవు. వంగిన ఆర్మ్‌ను కాల్చి సరిచేయడమూ ఇంతే. వీటికి మార్పిడి తప్ప మరమ్మతు లేదు.

వేరే బండి స్టీరింగ్ తగిలిస్తే..

బరువుగా తిరుగుతోందని కొత్త వాహనపు ర్యాక్‌ను, పవర్ స్టీరింగ్‌ను తెచ్చి పాతదానికి అమర్చే ధోరణి పెరుగుతోంది. ర్యాక్ పొడవు, ఎత్తు ఆ బండి సస్పెన్షన్ చేతుల కొలతలకు సరిపోకపోతే గుంతలో చక్రం లేచిన ప్రతిసారీ తనంతట తానే మలుగుతుంది. పైగా ఛాసిస్ కోసి బ్రాకెట్లు అతికిస్తే మరో చిక్కు ఉంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తోంది.

కేంద్రం 2021లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, వ్యక్తిగత వినియోగంలోని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఇవి వర్తిస్తాయి. వాహనం అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పులు చేసినవాటికి ఈ గుర్తింపు రాదు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము రూ.20 వేలు. అరిగిన టైరాడ్‌కు బదులు అదే తరహా కొత్తది వేసినందుకు ఈ నిబంధనలతో ఇబ్బంది లేదు. ఛాసిస్‌ను కోస్తేనే ఇబ్బంది.

వరద నీటిలో మునిగి ఉంటే..

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు నగరంలో వేలాది వాహనాలు నీట మునిగాయి. అలాంటి పాత వాహనాల్లో ఇంజిన్ బాగుచేయించి స్టీరింగ్‌ను వదిలేసినవారు ఇప్పటికైనా చూపించుకోవడం మంచిది. బాక్సులోని ఆయిల్ తెల్లగా, మజ్జిగలా మారి ఉంటే నీరు చేరినట్లే. అలాంటపుడు ఆయిల్ మార్చి వదిలేయకుండా బాక్సు విప్పి బేరింగులు తుప్పు పట్టాయేమో చూడాలి.

ఏ జాయింట్ మార్చినా టో-ఇన్ మారుతుంది. వీల్ అలైన్‌మెంట్ చేయించకపోతే కొత్త టైరు అంచు కొద్దిరోజుల్లోనే రంపంలా అరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక నట్లు, స్ప్లిట్ పిన్నులను మరోసారి సరిచూడాలి. షెడ్డు నుంచి బండి తెచ్చుకునేటపుడు తీసేసిన పాత భాగాలను అడిగి చేతిలోకి తీసుకుంటే, ఏది అరిగిందో, మార్చామన్నది నిజంగా మార్చారో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.