బొటనవేలు ఎవరు చూస్తున్నారు?

కవిటి మండలంలో ఒక ఊరు. పేరు అక్కర్లేదు, ఉద్దానంలో అలాంటి ఊళ్లు చాలానే ఉన్నాయి. ఊరంతటికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మంచినీళ్ల ప్లాంటు ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చినప్పుడు అడ్మిన్ ఒక పోల్ పెట్టాడు: గుడి దగ్గరా, ఎస్సీ కాలనీ దగ్గరా? కిడ్నీ జబ్బు ఇంటింటికీ తెలిసిన ప్రాంతం ఇది. జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చకపోయినా, తాగే నీళ్ల మీద అనుమానం లేని మనిషి ఇక్కడ దొరకడు. కాబట్టి ఆ పోల్ కాలక్షేపం కాదు. సాయంత్రానికి గుడి వైపు ఓట్లు కుప్పపడ్డాయి. కాలనీకి పడ్డవి రెండు చేతుల వేళ్లు దాటలేదు. కాలనీలో ఫోన్లున్న వాళ్లు అంతకు ఎన్నో రెట్లు.

ఎందుకు నొక్కలేదని మేము అడిగితే, డిగ్రీ చదివే ఒక చెల్లి చెప్పింది: "ఎవులు నొక్కారో అందరికీ కనబడిపోద్ది కదన్నా. మాయమ్మ ఆళ్ల తోటలోకే పనికెళ్తాది."

లైకులు, డిస్‌లైకులు, పోల్స్ గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా అంకెల గురించే మాట్లాడతాం. ఎన్ని వచ్చాయి, ఎవరికి ఎక్కువ వచ్చాయి అని. ఆ చెల్లి అడిగింది వేరే ప్రశ్న. ఓటు ఎవరికి కనబడుతుంది?

వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి వేశారో గ్రూపులో అందరూ పేర్లతో సహా చూడొచ్చు. మెసేజ్ కింద పెట్టే బొటనవేలు, దండం బొమ్మలూ అంతే. ఫేస్‌బుక్‌లో లైకు కొట్టిన వారి పేర్లు మీటితే వస్తాయి. యూట్యూబ్‌లో పేర్లు రావు. 2021 నవంబర్ నుంచి డిస్‌లైకుల అంకె కూడా బయటికి కనబడదు. ఎక్స్‌లో 2024 జూన్ నుంచి ఎవరు ఏది లైక్ చేశారో ఇతరులకు కనబడటం ఆగిపోయింది, పోస్టు పెట్టినవారికి మాత్రం తెలుస్తుంది. రెడిట్‌లో పైకి, కిందికి వేసే ఓట్లకు పేర్లు ఉండవు. టెలిగ్రామ్‌లో పేర్లు లేని పోల్ పెట్టుకోవచ్చు. అంటే ఒకే బొటనవేలు ఒక చోట రహస్య బ్యాలెట్, ఇంకో చోట రచ్చబండ దగ్గర చేయి ఎత్తడం. మన ఊరి గ్రూపులన్నీ దాదాపు రెండో రకంలోనే నడుస్తున్నాయి.

చేయి ఎత్తే ఓటు ఎవరిదో మన పెద్దలకు చెప్పక్కర్లేదు. భూమి ఉన్నవాడు ముందు ఎత్తితే కూలివాడు తర్వాత ఎత్తేవాడు. అందుకే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటు రహస్యాన్ని కాపాడటం సిబ్బంది బాధ్యత చేసింది, ఎవరికి వేశావో చెప్పమని ఏ కోర్టూ ఓటరును బలవంతపెట్టకూడదంది. 2013 సెప్టెంబర్ 27న నోటా తీర్పులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ఎవరికీ వేయకూడదనుకున్న వాడి రహస్యం కూడా రహస్యమేనని చెప్పింది. పోల్‌లో నొక్కకుండా ఊరుకున్న ఆ చెల్లికి ఈ రక్షణ లేదు. ఆమె పేరు జాబితాలో లేదన్న సంగతి కూడా ఊరికి తెలుస్తూనే ఉంది.

ఆ మాటకొస్తే పోలింగ్ బూత్‌లోనూ రహస్యం పూర్తిగా లేదు. బ్యాలెట్ పత్రాల కాలంలో వేర్వేరు బూత్‌ల ఓట్లను కలిపి లెక్కపెట్టే ఏర్పాటు ఉండేది. ఈవీఎంలు వచ్చాక బూత్‌వారీగా లెక్క తెలిసిపోతోంది. కాలనీ అంతా ఒకే బూత్ అయితే కాలనీ ఎటు వేసిందో నాయకుడికి మర్నాడే తెలుస్తుంది. దీన్ని ఆపడానికి టోటలైజర్ అనే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సరేనంది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు.

భయం ఊహ కాదు. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో భూమి తగాదాలో ఐదుగురు దళితులు హత్యకు గురయ్యారు. అప్పటికి ఆ మండలం శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. అదే ఏడాది నవంబర్‌లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక ఫేస్‌బుక్ పోస్టుకు ఇద్దరు యువతులను అరెస్టు చేశారు. వారిలో ఒకరు చేసిన నేరం ఆ పోస్టును లైక్ చేయడమే. 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేయడానికి 2015 మార్చి 24 దాకా పట్టింది.

ఇక అంకెల సంగతి. మొదట పడ్డ ఓటు తర్వాతి ఓట్లను లాగుతుంది. దీన్ని పరిశోధకులు కొలిచి చూశారు. ఒక వార్తల సైట్‌లో లక్షకు పైగా వ్యాఖ్యలు తీసుకుని, కొన్నిటికి పుట్టగానే ఒక అనుకూల ఓటు వేసి వదిలారు. ఆ ఒక్క ఓటు వల్ల తర్వాత చూసినవాడు కూడా పైకే వేసే అవకాశం 32 శాతం పెరిగింది, చివరి స్కోరు సగటున 25 శాతం ఎక్కువ వచ్చింది. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిందిది. వింతేమిటంటే, మొదట కిందికి వేసిన ఓటు అలా పాకలేదు, చదివినవాళ్లు దాన్ని సరిదిద్దారు. కానీ అది ఓటరు పేరు కనబడని చోటు. మా గ్రూపులో మొదటి బొటనవేలు మాజీ సర్పంచ్‌ది అయితే సరిదిద్దేదెవరు?

కంపెనీలు అన్ని ఓట్లనూ ఒకే తూకంలో తూచవు కూడా. ఫేస్‌బుక్ 2017 నుంచి కోపం బొమ్మకు లైకు కంటే ఐదు రెట్ల బరువు ఇచ్చిందని 2021లో బయటపడిన పత్రాలు చెప్పాయి. కోపం తెప్పించే పోస్టులే ఎక్కువ మందికి చేరుతున్నాయని తెలిశాక 2020లో ఆ బరువును సున్నా చేశారు. అంటే ఆ మూడేళ్లలో కులం పేరుతో తిట్టిన పోస్టు మీద మనం కోపంతో నొక్కిన ప్రతిసారీ దాన్ని ఇంకా నలుగురికి మనమే చూపించాం. ఒక మనిషికి ఒక ఓటు ఉన్నా ఒక విలువ లేదని అంబేద్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది సమాజం గురించి. ఇక్కడ ఆ విలువను ఒక కంపెనీ ఎవరికీ చెప్పకుండా మారుస్తోంది.

కాబట్టి విద్యార్థి మిత్రులకు మా మాట. తిట్టు పోస్టు కింద వాదించి, కోపం బొమ్మ పెట్టి పైకి లేపకండి. తేదీ, ఖాతా పేరు, లింకు కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఇంటర్నెట్‌లో పెట్టిన కుల దూషణ కూడా బహిరంగంగా చేసిన దూషణే అవుతుందని, ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం దానికి వర్తిస్తుందని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. ఆ స్క్రీన్‌షాట్ మీ లైకు కంటే ఎక్కువ పని చేస్తుంది. వాడలో సొంత గ్రూపు ఉంటే నిర్ణయాలకు పేర్లు కనబడని పోల్ వాడండి. అమ్మలు, అత్తలు ఫోన్ లేక బయట ఉండిపోతున్నారా అని ముందు చూసుకోండి. పలాస జీడి ఫ్యాక్టరీలో పొద్దంతా పిక్క కొట్టి వచ్చే మనిషికి రాత్రి పోల్ తెరిచే ఓపిక ఉండదు.

వాట్సాప్ పోల్ గ్రామసభ కాదు. గ్రామసభ రాజ్యాంగంలోని 243ఏ అధికరణలో ఉంది, దానిలో ఓటర్ల జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరూ సభ్యులే, ఫోన్ ఉన్నా లేకపోయినా. "ఊరంతా తేల్చేసింది" అని అడ్మిన్ రాసినప్పుడు అడగాల్సింది, ఏ సభలో, ఏ తీర్మానం నంబరుతో అని. ఆ చెల్లి గ్రూపులో అది అడగలేదు. వాడవాళ్లందరి సంతకాలతో ఒక సోమవారం శ్రీకాకుళం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకుంది. ప్లాంటు సంగతి ఇంకా తేలలేదు.